గుమ్మమున నిలిచిన కావలి

1956వ సంవత్సరము జనవరి 30వ తేదీ రాత్రి మాంట్‌గోమరీ నగరమున మార్టిన్ లూథర్ కింగ్ ఇంటి వసారాలో బాంబు పేలెను. అహింసావ్రతుడని నేడు లోకము కొనియాడు ఆ యువబోధకుడు, అటుపిమ్మట తుపాకి దాల్చుటకు అనుమతి కోరుచు దరఖాస్తు పెట్టుకొనెననియు, అధికారులు దానిని త్రోసిపుచ్చిరనియు, గాంధీమార్గమును సంపూర్ణముగా అవలంబించినది అటుపైననేయనియు చెప్పినచో, మనలో పెక్కురకు వింత తోపవచ్చును. కాని నాటి అమెరికా దక్షిణ రాష్ట్రములలో నల్లజాతివారి ఇండ్ల వేటతుపాకి అపురూపవస్తువు కాదు. రక్షకభటుడే కూ క్లక్స్ క్లాన్ ముసుగుమూకకు చుట్టమైనచోట, అర్ధరాత్రి ఆపద వచ్చిన మొరపెట్టుకొనుటకు వేఱు దిక్కును లేదు.

లూయిసియానా రాష్ట్రమున జోన్స్‌బరో అను చిన్న పట్టణములో 1964లో కొందరు నల్లజాతి పురుషులు, పౌరహక్కుల కార్యకర్తల ప్రాణరక్షణకై, 'డీకన్స్ ఫర్ డిఫెన్స్ అండ్ జస్టిస్' అను సంఘమును స్థాపించిరి. డీకన్ అనగా చర్చి సేవకు నియుక్తుడైన పెద్ద. వారిలో పలువురు సైన్యమున పనిచేసి వచ్చినవారే.

ఆ రాష్ట్రముననే కాగితపు మిల్లు నాశ్రయించి బ్రదుకు బోగలూసా పట్టణమున, 1965 ఫిబ్రవరి 1వ తేదీ రాత్రి, మిల్లు కార్మికుడైన రాబర్ట్ హిక్స్ ఇంట ఇద్దరు తెల్లజాతి కార్యకర్తలు అతిథులై యుండగా, పోలీసు అధికారి వచ్చి, మూక తరలి వచ్చుచున్నదనియు, అతిథులను తమతో పంపివేయవలసినదనియు చెప్పెను. హిక్స్ సమ్మతింపలేదు. పిలుపు లందుకొనిన ఇరుగుపొరుగువారు తుపాకులతో వచ్చి ఆ ఇంటికి కావలి కాచిరి, మూక రాలేదు. ఆ నెలలోనే ఆ ఊర డీకన్ల శాఖ వెలసెను.

జూలైలో ఊరేగింపుపై జరిగిన దాడిని అడ్డుకొనుచు ఒక డీకన్ తుపాకి పేల్చగా తెల్లజాతీయు డొకడు గాయపడెను. అంతవఱకు ఉదాసీనముగా నుండిన కేంద్రప్రభుత్వము న్యాయస్థానముల నాశ్రయించెను. ఆ యేడాదిలోనే పట్టణ పోలీసులకును, పిమ్మట క్లాన్‌కును నిషేధాజ్ఞలు జారీయయ్యెను.

తుపాకియే సమానత్వమును సాధించెననుట అతిశయోక్తి. అహింస ఒంటరిగా సాధించెననుట అర్ధసత్యము. హక్కులు తెచ్చినవి ఊరేగింపులు, వ్యాజ్యములు, చట్టములు. ఊరేగినవారు తెల్లవారువఱకు బ్రతికి యుండుటకు తోడ్పడినది గుమ్మమున నిలిచిన కావలి. 1966లో మిసిసిపీ పాదయాత్రలో కింగ్ ముందు నడవగా, డీకన్లు కాపు కాచిరి.

చట్టము తన పని తాను చేయ నారంభించినకొలది వారి అవసరము సన్నగిల్లెను; 1968 నాటికి ఆ సంఘము దాదాపు కనుమరుగయ్యెను.