పక్కింటి నిద్ర చెడకుండా ఏసీ: హీట్ పంపుల హోరు, కంపనం తగ్గించే మార్గాలు

జంగ్లీఘాట్ (శ్రీ విజయపురం): సముద్రపు ఉప్పుగాలి, ఏడాది పొడవునా వీడని ఉక్కపోత, ఒకదానినొకటి ఆనుకొని ఉండే ఇళ్లు. అండమాన్ రాజధానిలోని చేపల రేవు జంగ్లీఘాట్ వంటి ప్రాంతాలలో ఒక ఇంటి గోడకు బిగించిన ఏసీ యూనిట్ మరో ఇంటి పడకగదికి కొద్ది అడుగుల దూరంలోనే ఉంటుంది. ఈ ఇంటికి చల్లదనం ఇచ్చే యంత్రమే ఆ ఇంటి నిద్రకు భంగం కలిగించవచ్చు. రాత్రి వేటకు వెళ్లి పగలు విశ్రమించే మత్స్యకార కుటుంబాలకు ఈ ఇబ్బంది మరింత ఎక్కువ.

2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభాలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస వచ్చి స్థిరపడిన మత్స్యకారులు వీరిలో గణనీయంగా ఉన్నారు. అయితే ఈ సమస్య దీవులకే పరిమితం కాదు. విశాఖపట్నం, కాకినాడ తీరాల్లోనూ, హైదరాబాద్ అపార్టుమెంట్లలోనూ ఇదే పరిస్థితి కనిపిస్తుంది.

ఏసీ కూడా హీట్ పంపే

వేడిని ఒక చోటి నుంచి మరో చోటికి తరలించే యంత్రమే హీట్ పంప్. ఐరోపా దేశాలలో ఇది బయటి గాలిలోని వేడిని గ్రహించి ఇంటిని వెచ్చబరుస్తుంది. ఉష్ణమండలంలో గదిలోని వేడిని బయటకు పంపుతుంది. దిశ మారినా లోపలి అమరిక ఒకటే: కంప్రెసర్, ఫ్యాను, రాగి గొట్టాలు, వాటిలో ప్రవహించే శీతలకారి. అందువల్ల శబ్దానికి కారణాలు, నివారణ మార్గాలు కూడా దాదాపు ఒకటే.

ఈ శబ్దం రెండు దారుల్లో ప్రయాణిస్తుంది. ఫ్యాను రొద గాలి ద్వారా వ్యాపిస్తుంది. కంప్రెసర్ కంపనం బ్రాకెట్లు, గోడ, శ్లాబు గుండా పాకి గది లోపల హోరుగా మారుతుంది. ఏ దారిన వస్తున్నదో తెలుసుకోవడానికి ఒక సులభమైన పరీక్ష ఉంది. కిటికీ మూయగానే శబ్దం బాగా తగ్గితే అది గాలి ద్వారా వస్తున్నట్లు. కిటికీ మూసినా తగ్గక, గోడపై చేయి ఉంచితే వణుకు తెలుస్తుంటే అది కట్టడం ద్వారా వస్తున్నట్లు. మొదటిదానికి యూనిట్ స్థానం మార్చడం, రెండోదానికి బిగింపు సరిచేయడం మందు. ఈ తేడా గుర్తించకుండా చేసే ఖర్చు తరచూ వృథా అవుతుంది.

నిబంధనలు ఏమి చెబుతున్నాయి?

శబ్ద కాలుష్య (క్రమబద్ధీకరణ, నియంత్రణ) నిబంధనలు, 2000 ప్రకారం నివాస ప్రాంతాలలో ఉదయం 6 నుంచి రాత్రి 10 గంటల వరకు 55 డెసిబెల్స్, రాత్రి వేళ 45 డెసిబెల్స్ పరిమితి. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల వంటి వాటి చుట్టూ ప్రకటించే నిశ్శబ్ద మండలాల్లో ఇది 50, 40 డెసిబెల్స్. నిర్దేశిత ప్రమాణాన్ని 10 డెసిబెల్స్ లేదా అంతకు మించి అతిక్రమించినప్పుడు సంబంధిత అధికారికి ఫిర్యాదు చేసే హక్కు పౌరులకు ఉంది.

అయితే ఈ రక్షణకు రెండు పరిమితులున్నాయి. మొదటిది, పగలు నిద్రించే శ్రామికునికి వర్తించేది పగటి పరిమితే. రెండోది, నిబంధనల్లోని కొలమానం చెవి సున్నితత్వాన్ని అనుసరించే 'ఎ' ప్రమాణం. ఈ ప్రమాణంలో 100 హెర్ట్జ్ ధ్వనికి సుమారు 19, 50 హెర్ట్జ్ ధ్వనికి సుమారు 30 డెసిబెల్స్ తగ్గించి లెక్కిస్తారు. కంప్రెసర్ హోరులో ప్రధాన భాగం ఈ తక్కువ పౌనఃపున్యాల్లోనే ఉంటుంది. కాబట్టి మీటరు పరిమితి లోపే చూపినా పడకగదిలో ఆ హోరు వేధించవచ్చు. నిద్రకు భంగం కలగకుండా ఉండాలంటే పడకగది లోపల నిరంతర శబ్దం 30 డెసిబెల్స్ మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించింది.

మొదటి మందు: సరైన స్థానం

ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మీటరు దూరంలో 52 డెసిబెల్స్ వినిపించే యూనిట్, 2 మీటర్ల వద్ద 46, 4 మీటర్ల వద్ద 40 డెసిబెల్స్‌కు చేరుతుంది. ఇరుకు సందుల్లో ఈ లెక్క పనిచేయదు. ఎదురెదురు గోడలు ధ్వనిని తిప్పికొట్టడంతో తగ్గుదల చాలా తక్కువగా ఉంటుంది. యూనిట్ సమీపంలో ఉన్న ప్రతి గోడా శబ్దాన్ని సుమారు 3 డెసిబెల్స్ పెంచుతుంది. అందుకే రెండు గోడలు కలిసే మూల అనువైన చోటు కాదు. ఒకే శబ్దం చేసే రెండు యూనిట్లను పక్కపక్కన బిగిస్తే మరో 3 డెసిబెల్స్ చేరతాయి.

యూనిట్ ముఖం పక్కింటి కిటికీ వైపు కాక వీధి వైపు లేదా ఖాళీ స్థలం వైపు ఉండాలి. ఇది కొనుగోలు రోజున ఖర్చు లేకుండా తీసుకోగల నిర్ణయం. గోడకు రంధ్రాలు పడి, గొట్టాలు బిగించిన తర్వాత అదే మార్పు భారమవుతుంది.

రబ్బరు ఉంటే చాలదు, కుంగాలి

యూనిట్ కింద రబ్బరు ప్యాడ్లు పెట్టడం అందరికీ తెలిసిన ఉపాయమే. అవి ఎంత మెత్తగా ఉన్నాయన్నదే అసలు విషయం. యూనిట్ బరువుకు ప్యాడ్ ఎన్ని మిల్లీమీటర్లు కుంగుతుందో దానినిబట్టి ఆ అమరిక సహజ పౌనఃపున్యం నిర్ణయమవుతుంది. 3 మిల్లీమీటర్లు కుంగితే అది సుమారు 9 హెర్ట్జ్, 1 మిల్లీమీటరు కుంగితే సుమారు 16 హెర్ట్జ్.

50 హెర్ట్జ్ విద్యుత్తుపై నడిచే సాధారణ కంప్రెసర్ సెకనుకు 48 సార్లకు అటూఇటూగా తిరుగుతుంది. ఈ సంఖ్య సహజ పౌనఃపున్యానికి మూడు రెట్లు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటేనే కంపనం సమర్థంగా ఆగుతుంది. గట్టి రబ్బరు మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే కుంగితే సహజ పౌనఃపున్యం దాదాపు 50 హెర్ట్జ్‌కు చేరుతుంది. అప్పుడు అనునాదం ఏర్పడి కంపనం తగ్గకపోగా పెరుగుతుంది. వేగం మారుతూ నడిచే ఇన్వర్టర్ యంత్రాలకు మరింత మెత్తని ప్యాడ్లు అవసరం.

బిగింపు మాత్రం వదులుగా ఉండరాదు. అండమాన్ నికోబార్ దీవులు భూకంప ముప్పు తీవ్రంగా ఉన్న ప్రాంతంలో ఉన్నాయి. 2004 డిసెంబరు 26 నాటి అనుభవం ఇక్కడివారికి తెలియనిది కాదు. రబ్బరు గుండా బోల్టు వేసి, బోల్టు తలకింద కూడా రబ్బరు వాషరు ఉంచితే యూనిట్ పడిపోదు, కంపనమూ నేరుగా పాకదు.

రేకు గోడలకు, పలుచని చెక్క గోడలకు యూనిట్ తగిలించడం తగదు. గోడ మొత్తం డప్పులా మోగుతుంది. నేలపై కాంక్రీటు దిమ్మె కట్టి దానిపై నిలపడం మేలు. రాగి గొట్టాలు గోడ రంధ్రం అంచులను తాకకుండా మెత్తని తొడుగు వేయాలి.

ఉప్పుగాలి తెచ్చే చప్పుడు

కొత్తలో నిశ్శబ్దంగా ఉన్న యూనిట్ రెండేళ్లకే గడగడలాడితే తీరప్రాంతంలో తొలుత అనుమానించవలసింది తుప్పునే. బ్రాకెట్లు బలహీనపడతాయి, నట్లు వదులవుతాయి, ఫ్యాను రెక్కలపై ఉప్పు, ధూళి పేరుకుని సమతౌల్యం తప్పుతుంది. వేడిని వదిలే సన్నని రేకుల మధ్య సందులు పూడితే కంప్రెసర్‌పై భారం, దానితోపాటు శబ్దం పెరుగుతాయి. విద్యుత్ సరఫరా నిలిపి, మంచినీటితో తక్కువ ఒత్తిడిపై తరచుగా కడిగించడం, జింకు పూత లేదా తుప్పుపట్టని ఉక్కు బ్రాకెట్లు వాడటం దీనికి నివారణ.

అడ్డుగోడ చివరి మార్గం

పై చర్యలు చాలనప్పుడే అడ్డుతెర గురించి ఆలోచించాలి. యూనిట్‌కూ పక్కింటి కిటికీకీ మధ్య చూపు ఆనకుండా, సందులు లేని బరువైన పలక నిలిపితే సుమారు 5 డెసిబెల్స్ తగ్గుదల మొదలవుతుంది. అయితే యూనిట్‌ను పెట్టెలా మూసివేయరాదు. వేడిగాలి తిరిగి లోపలికే చేరితే కంప్రెసర్ మరింత శ్రమించి శబ్దం, విద్యుత్ ఖర్చు రెండూ పెరుగుతాయి.

ఉష్ణోగ్రతను 24 డిగ్రీల వద్ద ఉంచితే ఇన్వర్టర్ యంత్రం తక్కువ వేగంతో, తక్కువ చప్పుడుతో నడుస్తుంది. స్టార్ రేటింగ్ గల గది ఏసీలకు 24 డిగ్రీలను ప్రారంభ అమరికగా 2020 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. జాతీయ గ్రిడ్‌తో అనుసంధానం లేక ప్రధానంగా డీజిల్ విద్యుత్తుపై ఆధారపడిన దీవుల్లో ఈ పొదుపునకు అదనపు విలువ ఉంది.

ముందుగా స్థానం, తర్వాత బిగింపు, ఆపై నిర్వహణ, చివరగా అడ్డుతెర. ఈ వరుస పాటిస్తే అనేక సందర్భాల్లో ఫిర్యాదు అవసరమే రాదు. యూనిట్ బిగించే ముందు పక్కింటివారి పడకగది ఎటువైపు ఉన్నదో, వారు ఏ వేళల్లో నిద్రిస్తారో అడిగి తెలుసుకోవడం ఈ వరుసలో అన్నిటికన్నా ముందుండవలసిన పని.