పై వచనం కూడా చదవండి

రాత్రి పదిన్నర. పాశమైలారంలో సెకండ్ షిఫ్టు ముగించుకుని ఇస్నాపూర్ చౌరస్తాలో ఆటో దిగారు. ముంబై రోడ్డు మీద లారీలు ఆగకుండా పోతున్నాయి. గాలిలో రోజూ ఉండే రసాయనాల ఘాటే. మీ ముక్కు దాన్ని పట్టించుకోవడం ఎప్పుడో మానేసింది. చొక్కాకు మాత్రం ఇవాళ కలిపిన మందు పొడి వాసన అంటుకుని ఉంది.

రూముల వరసలో మీది చివరిది. తలుపు తోయగానే ఇంకో వాసన. తియ్యగా, మరీ మగ్గిపోయిన పండు వాసన. గదిలో పండ్లేమీ లేవు.

చాప మీద అన్న పడుకుని ఉన్నాడు. తోడబుట్టినవాడు కాదు, ఒకే గదిలో ఉంటూ అన్న అయినవాడు. పక్కన బకెట్టులో వాంతి. ఖాళీ నీళ్ల సీసాలు దొర్లుతున్నాయి. ఊపిరి లోతుగా, వేగంగా వస్తోంది.

"సూది ఏసుకున్నవా అన్నా?"

"బందు వెట్టిన తమ్మీ. సోమారం సంది."

ఇవాళ బుధవారం. చిన్నప్పటి నుంచీ ఇన్సులిన్ మీద బతుకుతున్న మనిషి.

దిండు పక్కన నల్ల అట్ట బైబిల్ తెరిచి ఉంది. నిర్గమకాండం, 15వ అధ్యాయం. 26వ వచనం కింద ఎర్ర గీత. తన ప్రజలకు స్వస్థత ఇచ్చేది తానేనని దేవుడు చెప్పే మాట అది. ఈమధ్య అన్న వెళ్తున్న ప్రార్థన కూటంలో ఎవరో గీసిచ్చారు.

"దేవుడే బాగు జేస్తా అన్నంక సూది ఎందుకు? నమ్మకం లేనట్టు గాదా?"

మీ ముందు రెండు దారులున్నాయి. వాదించడం, ఫోన్ చేయడం. ఆ తియ్యటి వాసన, ఆ ఊపిరి చూశాక ఆలోచించడానికేం లేదు. ఇన్సులిన్ లేక ఒంట్లో ఆమ్లం పేరుకుపోతోంది. 108 నొక్కుతారు. సందు పేరు, ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు, రూము రంగు చెబుతారు. బండి బయల్దేరింది. ఇరవై నిమిషాలు పడుతుందంటున్నారు.

"వస్తే రానీ. నేనైతే ఎక్క" అంటాడు అన్న.

స్పృహలో ఉన్న మనిషి వద్దంటే అంబులెన్సు వాళ్లు ఎత్తుకుపోలేరు. ఇప్పుడు మాటే కావాలి.

గూట్లోంచి మీ పుస్తకం తీస్తారు. జపమాల పక్కకు జరిపి 'పవిత్ర గ్రంథము' తెరుస్తారు. గుడిలో ఎప్పుడో విన్న పఠనం గుర్తుంది. సీరా పుత్రుని జ్ఞానగ్రంథం, 38వ అధ్యాయం. వేళ్లు వణుకుతున్నాయి. దొరికింది. వైద్యుణ్ణి గౌరవించమంటోంది. మందుల్ని భూమిలోంచి పుట్టించింది దేవుడేననీ, తెలివైనవాడు వాటిని తోసిపుచ్చడనీ చెబుతోంది. ప్రార్థించు, ఆ తర్వాత వైద్యుడికి చోటివ్వు అంటోంది. ఇంకో మాట దగ్గర మీ గొంతు ఆగుతుంది. మందులు కలిపేవాడి ప్రస్తావన కూడా ఉంది. రియాక్టరు దగ్గర పొడులు కలిపే మీ చేతుల గురించి పవిత్ర గ్రంథంలో ఉంది.

అన్న కళ్లు తెరవకుండానే అంటాడు: "గది మా బైబిల్ల లేదు. మీరు కలుపుకున్నరు."

నిజమే, లేదు. ఆయన ప్రొటెస్టెంటు బైబిల్లో 66 గ్రంథాలు, మీ కతోలిక బైబిల్లో 73. అయితే నిజంగానే కలిపారా?

పదండి, క్రీస్తుకు పూర్వం 180 ప్రాంతపు యెరూషలేముకు. బెన్ సీరా అనే యూదు గురువు హెబ్రీలో ఈ పుస్తకం రాస్తున్నాడు. ఆయన మనవడు దాన్ని ఈజిప్టుకు పట్టుకుపోయి గ్రీకులోకి మారుస్తాడు. తొలి క్రైస్తవుల చేతుల్లో ఉన్నది గ్రీకు పాత నిబంధనే. అందులో ఈ పుస్తకం ఉంది. యూదు పండితులు దీన్ని తమ జాబితాలోకి తీసుకోలేదు. అదీ నిజమే. చాలా శతాబ్దాల పాటు హెబ్రీ మూలం పండితులకు కనిపించలేదు. 1896లో కైరో యూదుల పాత కాగితాల్లో దాని ముక్కలు బయటపడ్డాయి. 1964లో మసాదా కోట తవ్వకాల్లో ఇంకా పాత ప్రతి దొరికింది. రోమన్లకు లొంగకుండా చనిపోయిన యూదుల కోట అది. వాళ్ల దగ్గర కూడా ఈ పుస్తకం ఉంది.

ఇప్పుడు మీరు బేత్లెహేములో ఉన్నారు. 386 దాటింది. దీపం ముందు పునీత జెరోము బైబిల్‌ను లాటిన్‌లోకి తెస్తున్నాడు. యూదుల హెబ్రీ జాబితాలో ఉన్నదే పాత నిబంధన, మిగతావి చదవదగినవే కానీ ఆ వరసలోవి కావని ఆయన పట్టు. సముద్రం అవతల ఆఫ్రికాలో పునీత అగుస్తీను ఒప్పుకోడు. సంఘమంతా చదువుకుంటున్న పుస్తకాల్ని పక్కన పెట్టకూడదంటాడు. ఇద్దరూ పునీతులే. ఎవరి మాట వినాలి? 393లో హిప్పో సభ, 397లో కార్తేజి సభ అగుస్తీను వైపు మొగ్గాయి. అయినా ఆ ప్రశ్న వెయ్యేళ్లకు పైగా నలుగుతూనే ఉంది.

1546 ఏప్రిల్ 8, ట్రెంట్ మహాసభ. రోముతో విడిపోయిన లూథరు అప్పటికే తన 1534 బైబిల్లో ఈ పుస్తకాల్ని విడిగా ఓ భాగంలో పెట్టాడు. మహాసభలోనూ అగస్తీనియన్ల పెద్ద సెరిపాండో లాంటివాళ్లు రెండు తరగతులు చేద్దామన్నారు. సభ వినలేదు. జాబితా ఒక్కటే, అన్నింటికీ ఒకే గౌరవం అని తేల్చింది. అంటే ట్రెంట్ కొత్తగా కలపలేదు. ఉన్న జాబితాకు తాళం వేసింది.

మరి అన్న పుస్తకంలోంచి ఎప్పుడు పోయాయి? 1826లో లండన్ బైబిల్ సొసైటీ ఈ గ్రంథాల ముద్రణకు డబ్బివ్వకూడదని నిర్ణయించుకుంది. పూర్తి తెలుగు బైబిల్ ఆ తర్వాతే, అలాంటి సొసైటీల చలవతోనే, ఊళ్లకు చేరింది. ఇందులో అన్న తప్పేమీ లేదు.

చాప మీద కదలిక. మళ్లీ వాంతి. నీళ్లు పట్టిస్తారు. నిలవడం లేదు.

"అయినా మీరెప్పుడు సదివిండ్రు బైబిలు? మీ ఫాదర్లు సదవనియ్యలేదంట గదా?"

ఈ మాటకు మీ దగ్గర సులువైన జవాబు లేదు. ఆ రోజుల్లో మీరే ఉన్నారనుకోండి.

ఇటలీలో ఓ చిన్న ఊరు. మీరు మగ్గం నేసేవాడు. పెట్టెలో ఇటాలియన్ బైబిల్ ఉంది. అలాంటిది 1471లోనే వెనిస్‌లో అచ్చయింది. 1564లో కొత్త నియమం వచ్చింది: సొంత భాషలో బైబిల్ చదవాలంటే రాతపూర్వక అనుమతి కావాలి. తెచ్చుకున్నారు. 1596లో ఆ అనుమతి ఇవ్వడమూ మానేశారు. పుస్తకం అప్పగించమన్నారు. సందులో అడుగుల చప్పుడు. దాచాలా? ఇచ్చేయాలా? దాస్తే నేరం. ఇస్తే మంట. తలుపు కొడుతున్నారు. మీ చెయ్యి పెట్టె మీద ఉంది.

ఏ ఒక్కరో తమ ఇష్టానికి అర్థం తీసి చీలికలు తెస్తారన్న భయం ఆ నియమాల వెనక ఉంది. ఆ భయానికి చదివే హక్కునే బలి ఇచ్చారు. అది తప్పు. కతోలికుడిగా ఆ మాట తల దించకుండా చెప్పుకోవాలి. 1757లో, రోము ఆమోదించినవో వివరణలతో అచ్చయినవో అయితే సొంత భాషలో చదవవచ్చని సడలించారు. మన నేల మీద కథలు పద్యాల్లో నడిచాయి. పింగళి ఎల్లనార్యుడు తోబీతు కథను 'తోభ్యా చరిత్ర'గా చెప్పాడు. అన్న కాదంటున్న ఏడు గ్రంథాల్లో అది ఒకటి. మంగళగిరి ఆనందకవి 'వేదాంత రసాయనము' రాశాడు. విన్నవాళ్లు విన్నారు. కానీ పూజ లాటిన్‌లోనే సాగింది.

"నిజమే అన్నా. సానా ఏండ్లు సదవనియ్యలే" అంటారు మీరు.

ఆయన కళ్లు తెరుస్తాడు. ఇందాకటి నుంచి మొదటిసారి మీ వైపు చూస్తున్నాడు.

"ఇంకో మాట. మందులు జేసుడుతోనే మా వాగు సచ్చింది. గా మందే నా ఒంట్లకు ఎందుకు?"

అన్నది నక్కవాగు ఒడ్డు ఊరు. చిన్నప్పుడు దిగి తాగిన నీళ్లు ఆ తర్వాత రంగు మారాయి, చేదెక్కాయి. ఇది ఊహ కాదు. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్టు చూపించారు. మందును ఆయన అనుమానించడానికి ఓ వాగంత కారణం ఉంది. ఆ ఎర్ర గీత పడింది ఆ గాయం మీదే.

ఫోన్ మోగుతుంది. రుద్రారం దగ్గర లారీ అడ్డం తిరిగింది. ఇంకో పది నిమిషాలు.

ఆయన మాట ముద్దగా వస్తోంది. ఇంకెలా చెప్పాలి? ఒక్క వచనమే పట్టుకుని కూర్చున్న మనిషిని ఎలా కదిలించాలి?

ఇక్కడే కతోలిక సంఘం నేర్చుకున్న పాఠం మీ చేతికొస్తుంది. 1893లో పోపు 13వ లియో, బైబిల్ రచయితలు కంటికి కనిపించినట్టు చెప్పారే తప్ప ప్రకృతి శాస్త్రం బోధించబోలేదన్నాడు. 1943 సెప్టెంబరు 30న, రోము నగరం జర్మనీ సైన్యం గుప్పిట్లో ఉండగా, పోపు 12వ పయస్ ఇంకో అడుగు వేశాడు. రాసినవాడు ఏ కాలంలో, ఎవరికి, ఏ రూపంలో రాశాడో వెతకండి, మూల భాషలు నేర్వండి అన్నాడు. 1965 నవంబరు 18న రెండవ వాటికన్ మహాసభలో, దైవవాక్కు గురించిన 'దేయి వెర్బుమ్' పత్రం మీద ఓట్లు పడ్డాయి. అనుకూలం 2344, వ్యతిరేకం 6. గ్రంథాన్ని మొత్తంగా కలిపి చదవాలి, అది విశ్వాసులందరికీ అందాలి అంటుంది ఆ పత్రం. మగ్గం నేసేవాడి దగ్గర లాక్కున్న పుస్తకాన్ని తిరిగిచ్చిన ఓటు అది. ఆ మహాసభతోనే పూజా పఠనాలు తెలుగులో మారుమోగాయి, యేసుసభ గురువు పూదోట జోజయ్య లాంటివారి బైబిల్ భాష్యాలు ఇళ్లకు చేరాయి. 1993లో రోము బైబిల్ సంఘం ఇంకా సూటిగా, సందర్భం చూడకుండా అక్షరం పట్టుకు వేలాడే చదువు బుద్ధిని చంపుకోవడమేనంది. ఈ గదిలో అది మనిషినే చంపుతోంది.

మీ పుస్తకం మూసేయండి. ఆయన పుస్తకం తీసుకోండి.

"అన్నా, మీ బైబిలే. గదే పేజీ. జర మీదికెల్లి సదువుతా."

22వ వచనం. ఎడారి. మూడు రోజులు. నీళ్లు లేవు. మారా అనే చోట దొరికాయి. చేదు. తాగలేకపోయారు. జనం సణిగారు. మోషే మొరపెట్టాడు.

"అప్పుడు దేవుడు ఏం జేసిండు అన్నా?"

ఊపిరి. ఊపిరి. జవాబు లేదు.

"అన్నా!"

"చెట్టు... సూపెట్టిండు."

అవును, చెట్టు. మోషే దాన్ని నీళ్లలో వేశాడు. నీళ్లు తియ్యగా మారాయి. స్వస్థత ఇచ్చేది తానేనని దేవుడు అన్నది ఆ వెంటనే. ఉత్త చేతులతో కూర్చోమనలేదు. భూమిలో మొలిచినదాన్ని చూపించాడు, మనిషి చేత వేయించాడు. బెన్ సీరా తన 38వ అధ్యాయంలో మందుల గురించి చెబుతూ గుర్తుచేసింది ఈ చెట్టునే. మీ పుస్తకమూ ఆయన పుస్తకమూ ఇక్కడ ఒక్క మాటే చెబుతున్నాయి.

"మన వాగును చేదు చేసినోళ్లది తప్పు అన్నా. గా కొట్లాట కొట్లాడాలె. నీ సూదిది తప్పు గాదు. మెదక్ చర్చి కట్టినోళ్లే దవాఖాన గూడ నడిపిండ్రు. మీ తాత చెప్తుండె గదా."

సందు మొదట్లో సైరన్. ఎర్ర వెలుగు గోడ మీద పడుతోంది. స్ట్రెచర్ గుమ్మంలోకి రాదు. ఇద్దరు కుర్రాళ్లు దిగారు. ఒకతను అడుగుతాడు: "వస్తరా పెద్దన్నా?"

అందరూ ఆయన ముఖం చూస్తున్నారు.

చెయ్యి చాస్తాడు. మీ భుజం పట్టుకుంటాడు. లేస్తాడు.

పటాన్‌చెరు ఏరియా ఆసుపత్రిలో రెండు చేతులకూ సెలైన్ ఎక్కుతోంది, ఒక దాంట్లో ఇన్సులిన్. ఇంకాస్త ఆలస్యమై ఉంటే స్పృహ పోయేదంటాడు డ్యూటీ డాక్టరు. తెల్లవారేసరికి ఊపిరి నెమ్మదిస్తుంది. సూది మళ్లీ ఎప్పుడు వేసుకోవాలో నర్సును అన్నే అడుగుతాడు.

మీ ఇంట్లో, మీ కూటంలో, మీ గుడిలో ఎవరైనా ఒక్క వచనం చూపించి మందు మానేశామంటే, ముందు 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేలోగా వాళ్ల బైబిలే తెరవండి. నిర్గమకాండం 15వ అధ్యాయం, 22వ వచనం నుంచి చదవండి. మీ దగ్గర కతోలిక బైబిల్ ఉంటే సీరా పుత్రుని 38వ అధ్యాయం కూడా చదవండి, మొదటి 15 వచనాలు చాలు.