దుకాణమే కన్న పుస్తకం

1922 ఫిబ్రవరి 2. చలికాలం ఇంకా పూర్తిగా పోలేదు. ఆ ఉదయం పారిస్‌లోని ఒక చిన్న ఇంగ్లీషు పుస్తకాల దుకాణానికి కొత్త పుస్తకం ఒకటి వచ్చింది. దిజాన్ పట్టణంలోని ముద్రాపకుడు రాత్రి రైలు గార్డు చేతికి రెండు ప్రతులిచ్చి పంపాడు. ఏడు గంటలకు స్టేషన్‌లో వాటిని అందుకున్న దుకాణం యజమానురాలు సిల్వియా బీచ్ మొదటి ప్రతిని నేరుగా రచయిత జేమ్స్ జాయిస్ ఇంటికి తీసుకెళ్లి ఇచ్చింది. ఆ రోజు అతని నలభయ్యో పుట్టినరోజు. రెండో ప్రతిని దుకాణం అద్దాల కిటికీలో పెట్టగానే ముందే పేరు రాయించుకున్నవాళ్లు వచ్చి తమ ప్రతులేవని నిలదీశారు. సాహిత్య చరిత్రలో ‘యులిసెస్’ రాకను సాధారణంగా ఒక మేధావి పట్టుదల కథగానో, అతన్ని ఆదుకున్న ఒక మహిళ త్యాగగాథగానో చెబుతారు. రెండూ అబద్ధాలు కావు. కానీ ఆ కథల్లో దుకాణం వెనకనున్న గోడలా మిగిలిపోతుంది. సాక్ష్యాలను వరుసగా పెట్టి చూస్తే తేలేది వేరు: ఆ పుస్తకం దుకాణానికి వచ్చిందనడం కన్నా, దుకాణం నడిచే తీరులోంచి పుట్టిందనడమే సరైనది.

ముందు దారులెలా మూసుకుపోయాయో చూడాలి. న్యూయార్క్ నుంచి వెలువడే ‘లిటిల్ రివ్యూ’ పత్రిక 1918 నుంచి ఈ నవలను భాగాలుగా వేసింది. అశ్లీలమన్న ఆరోపణపై 1921 ఫిబ్రవరిలో అక్కడి కోర్టు సంపాదకులు మార్గరెట్ ఆండర్సన్, జేన్ హీప్‌లకు చెరో 50 డాలర్ల జరిమానా వేసింది. దాంతో పుస్తకంగా వేద్దామనుకున్న అమెరికన్ ప్రచురణకర్త హ్యూబ్ష్ వెనక్కి తగ్గాడు. ఇంగ్లండులో హ్యారియట్ షా వీవర్ సొంత డబ్బు పెట్టడానికి సిద్ధపడింది గానీ అచ్చువేసేవాళ్లు దొరకలేదు. అక్కడి చట్టం ప్రకారం ప్రచురణకర్తతో పాటు ముద్రాపకుడూ బోనెక్కాల్సి వచ్చేది. అంటే అడ్డు పడింది పాఠకుల అభిరుచి కాదు. పుస్తకం తయారయ్యే గొలుసులో అచ్చాఫీసు, ప్రచురణ సంస్థ, తపాలా, కోర్టు అనే లంకెల్లో ఏ ఒక్కటి జంకినా మిగతావన్నీ ఆగిపోతాయి. ఆ గొలుసుకు బయట ఉన్నవాళ్లెవరైనా పాఠకుడి దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడవాల్సిందే.

సిల్వియా బీచ్ అలా నడవగలిగిందంటే కారణం ఆమె నడిపిన దుకాణం స్వభావమే. తల్లి పంపిన 3,000 డాలర్ల పొదుపుతో 1919 నవంబర్‌లో ఆమె ‘షేక్‌స్పియర్ అండ్ కంపెనీ’ తెరిచింది. 1921లో దాన్ని ఓదెయాన్ వీధిలోని 12వ నంబరుకు మార్చింది. ఎదురుగా 7వ నంబరులో అడ్రియెన్ మోనియే 1915 నుంచి ఫ్రెంచి పుస్తకాల దుకాణం నడుపుతోంది. రెండూ అమ్మకం కన్నా పుస్తకాలు అద్దెకివ్వడం మీద ఎక్కువగా ఆధారపడ్డాయి. అద్దె గ్రంథాలయం నడిపే మనిషికి సరుకు కన్నా సభ్యులే బాగా తెలుస్తారు. ఎవరు ఏం చదువుతారు, ఎవరి చిరునామా ఏది, ఎవరి మాటకు ఎవరు చెవొగ్గుతారు అన్నదంతా ఆమె కార్డుల్లోనే ఉంటుంది. 1921 వసంతంలో ఈ నవలను తానే వేస్తానని జాయిస్‌కు మాటిచ్చినప్పుడు సిల్వియాకు ప్రచురణ అనుభవం లేదు, పెట్టుబడి లేదు. ఉన్నది ఆ జాబితా మాత్రమే.

ఆ జాబితానే ఆమె పెట్టుబడిగా మార్చింది. మొత్తం 1,000 ప్రతులు. మేలిరకం డచ్ కాగితంపై రచయిత సంతకంతో 100 ప్రతులు, ఒక్కొక్కటి 350 ఫ్రాంకులు. మరో రకం కాగితంపై 150 ప్రతులు, 250 ఫ్రాంకులు. మిగతా 750 ప్రతులు 150 ఫ్రాంకుల చొప్పున. చందా పత్రాలు అచ్చువేసి దేశదేశాలకు పంపింది. ఆంద్రె జీద్ స్వయంగా దుకాణానికి వచ్చి పేరు రాయించుకున్నాడు, యేట్స్ చందాదారుడయ్యాడు. బెర్నార్డ్ షా మాత్రం, ఒక పుస్తకానికి ఐరిష్‌వాడెవడైనా అంత డబ్బు పెడతాడనుకోవడం పొరపాటని చమత్కరిస్తూ కాదన్నాడు. దిజాన్‌లోని మారిస్ దరాంతియేర్ చందాలు అందుతున్న కొద్దీ బిల్లు తీసుకోవడానికి ఒప్పుకున్నాడు. ఈ పద్ధతి తెలుగువాళ్లకు కొత్తదేమీ కాదు. అంతకు పదిహేనేళ్ల ముందే, 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు మొదలుపెట్టిన విజ్ఞాన చంద్రికా మండలి కూడా చందాదారుల బలం మీదే పుస్తకాలు తెచ్చింది. ఒకరిది చరిత్ర, విజ్ఞాన శాస్త్రాలను చవకగా అందించే ప్రయత్నం, మరొకరిది ఖరీదైన నవల. అయినా రెండింటికీ మూలసూత్రం ఒక్కటే. పాఠకుణ్ని ముందు కూడగట్టి, పుస్తకాన్ని తర్వాత అచ్చువేయడం.

ఇంతవరకూ చెప్పింది డబ్బు సంగతి. దుకాణం ప్రభావం అక్కడితో ఆగలేదు, నవల లోపలికీ వెళ్లింది. జాయిస్ అడిగినన్ని ప్రూఫులు ఇవ్వమని సిల్వియా అచ్చాఫీసుకు చెప్పింది. లాభనష్టాలు లెక్కేసే ఏ ప్రచురణకర్తా అలాంటి అనుమతి ఇవ్వడు, ఎందుకంటే కూర్చిన అచ్చును విప్పి మళ్లీ కూర్చడమంటే ప్రతి పేజీకీ అదనపు ఖర్చే. జాయిస్ ఆ స్వేచ్ఛను తనివితీరా వాడుకున్నాడు. ప్రూఫుల అంచుల్లోనే దాదాపు మూడోవంతు నవల పెరిగింది. ఒక పాత్ర ఆలోచనలోంచి ఇంకో ఆలోచన, ఒక పేరులోంచి పది పేర్లు పుట్టుకొచ్చే ఆ దట్టమైన అల్లికలో చాలా భాగం రాతబల్ల మీద కాక ప్రూఫు కాగితాల మీదే తయారైంది. దానికి మూల్యమూ ఉంది. కంపోజిటర్లకు ఇంగ్లీషు రాదు. తప్పులు ఎంతగా దొర్లాయంటే, పాఠకులు మన్నించాలని ప్రచురణకర్త పుస్తకంలోనే విన్నవించుకోవాల్సి వచ్చింది. గ్రీకు జెండాను పోలిన నీలం అట్టే కావాలని జాయిస్ పట్టుబడితే ఆ రంగు కోసం దరాంతియేర్ జర్మనీ దాకా వెళ్లాడు. చివరికి 732 పేజీల ఆ పుస్తకంలోని గొప్పతనమూ లోపాలూ కూడా ఒక దుకాణదారు ‘సరే’ అన్న మాటలోంచి వచ్చినవే.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. ఆధునిక సాహిత్యానికి ఆర్థిక పునాదులేమిటో పరిశోధించిన లారెన్స్ రైనీ వంటి విద్వాంసులు, ఆ మొదటి ముద్రణ సామాన్య పాఠకుల కోసం కానే కాదంటారు. అరుదైన ప్రతులు కొని దాచి, ధర పెరిగాక అమ్ముకునే సేకర్తలు, వ్యాపారులే దాన్ని నిలబెట్టారన్నది వాళ్ల వాదం. పైగా జాయిస్ కుటుంబం ఏళ్ల తరబడి గడిచింది వీవర్ ఇచ్చిన సొమ్ముతోనే. అలాంటప్పుడు దీన్ని పాఠకుల విజయం అనవచ్చా? ఇందులోని వాస్తవాన్ని ఒప్పుకోవాలి. 350 ఫ్రాంకులు పెట్టినవాళ్లంతా చివరి పేజీ దాకా చదివి ఉంటారని నమ్మనక్కర్లేదు. అయితే కొనేవాడి ఉద్దేశం ఒకటి, ఆ డబ్బు చేసిన పని మరొకటి. ముందే పేరు రాయించుకున్న చందాదారుల సొమ్ము వల్ల, పదివేల మందికి నచ్చేలా నవలను కత్తిరించాల్సిన అవసరం తప్పింది. పైగా సేకర్తలను రప్పించింది కూడా అచ్చుకాని పుస్తకం మీద ఒక దుకాణం వెలిబుచ్చిన నమ్మకమే. కొనే స్తోమత లేనివాళ్లకు అదే దుకాణంలో అద్దె గ్రంథాలయం ఉంది. పారిస్‌కు కొత్తగా వచ్చిన హెమింగ్వే దగ్గర ధరావతుకు డబ్బు లేకపోయినా, తర్వాత కట్టవచ్చని చెప్పి సిల్వియా పుస్తకాలిచ్చి పంపింది. సేకర్తా, పేద రచయితా ఒకే గుమ్మంలోంచి లోపలికి వచ్చారు.

ఇదంతా ఒక్కసారికి కలిసొచ్చిన అదృష్టమన్నది రెండో అభ్యంతరం. ఫ్రాన్సులో ఇంగ్లీషు పుస్తకాలను పట్టించుకోని చట్టం, బలపడిన డాలరు, చవకైన అద్దెలు కలవకపోతే ఇది జరిగేదా? జరిగేది కాదేమో. కానీ ఆ వసతులు పారిస్‌లో డాలర్లున్న ప్రతివాళ్లకూ అందుబాటులో ఉన్నవే. వాటిని పుస్తకంగా మార్చే చేతులు ఒక దుకాణంలో ఉన్నాయి. ఇది యాదృచ్ఛికం కాదనడానికి మెరుగైన రుజువు ఎదురు గుమ్మంలోనే దొరుకుతుంది. 1929లో ‘యులిసెస్’ ఫ్రెంచి అనువాదాన్ని ప్రచురించింది పెద్ద సంస్థలేవీ కావు, అడ్రియెన్ మోనియే దుకాణమే. సిల్వియా మాత్రం డి.హెచ్. లారెన్స్ ‘లేడీ చాటర్లీస్ లవర్’ను వేయమని అడిగితే ఒప్పుకోలేదు. నిషేధిత పుస్తకాలకు మంచి గిరాకీ ఉందని తెలిసీ కాదంది. సంచలనాన్ని సొమ్ము చేసుకోవడమే ఆమె వ్యాపారమైతే ఆ అవకాశాన్ని వదులుకునేది కాదు.

మూడోది అన్నిటికన్నా బలమైనది. ఇంత చేసిన దుకాణానికి చివరికి మిగిలిందేమిటి? 1930 నాటికి పదకొండు ముద్రణలు వేసినా ఆమె సంపన్నురాలు కాలేదు. ఎగుమతి చేసిన ప్రతులను సరిహద్దుల్లో పట్టుకునేవారు. వీవర్ వేయించిన 500 ప్రతుల ముద్రణలో 499 ప్రతులు 1923లో ఫోక్‌స్టోన్ రేవులో కస్టమ్స్ పాలయ్యాయి. అమెరికాలో కాపీరైటు రక్షణ లేకపోవడంతో శామ్యూల్ రోత్ అనే ప్రచురణకర్త నవలను అనుమతి లేకుండా తన పత్రికలో వేసుకున్నాడు. 1927 ఫిబ్రవరి 2న 167 మంది ప్రముఖులు సంతకాలు చేసిన నిరసన పత్రం వెలువడినా ఆ దోపిడీకి వెంటనే అడ్డుకట్ట పడలేదు. 1931 చివర ఆమె తన హక్కును వదులుకుంది. రాండమ్ హౌస్ ప్రచురణ సంస్థ అమెరికాలో నవలను తెచ్చినప్పుడు ఆ లాభంలో ఆమెకు వాటా లేదు. ఇది దుకాణం ఓటమే కదా?

ఇక్కడ రెండు లెక్కలను విడదీయాలి. విత్తనం వేసేవాడికీ పంట అమ్ముకునేవాడికీ తేడా ఉన్నట్టే, పుస్తక వ్యాపారంలోనూ ముందస్తు సాహసం ఒకరిది, దారి సుగమమయ్యాక వచ్చే ఆదాయం వేరొకరిది. రాండమ్ హౌస్‌కు ఆ దారి ఎలా సుగమమైందో చూస్తే దుకాణం పాత్ర మరింత స్పష్టమవుతుంది. అమెరికాలో నిషేధాన్ని సవాలు చేసే కేసు కోసం కస్టమ్స్ చేతికి కావాలనే చిక్కించింది పారిస్ ముద్రణ ప్రతినే. పేరున్న విమర్శకుల అభిప్రాయాలు కోర్టు ముందు సాక్ష్యంగా నిలవాలని వాటిని ఆ ప్రతిలోనే అతికించి తెప్పించారు. 1933 డిసెంబర్ 6న న్యాయమూర్తి వూల్సీ ఆ పుస్తకం అశ్లీలం కాదని తీర్పిచ్చాడు. ఏళ్ల తరబడి ఆ దుకాణం నుంచి ప్రతులు వెళ్లకపోతే ఆ సమీక్షలూ లేవు, ఆ ప్రతిష్ఠా లేదు, న్యాయవాది చేతిలో సాక్ష్యమూ లేదు. మార్కెట్‌ను తెరిచిన ఆధారాలను మార్కెట్ బయటే పోగుచేసింది ఓదెయాన్ వీధి. దానికి ప్రతిఫలం దక్కకపోవడం ఒప్పందాల అన్యాయమే గానీ పద్ధతిలోని లోపం కాదు. 1935-36లో దుకాణం మూతపడే స్థితికి వస్తే దాన్ని కాపాడింది కూడా ఆ పద్ధతే. జీద్ ప్రభృతులు మిత్రమండలి ఏర్పాటు చేశారు, సభ్యులు ఏడాదికి 200 ఫ్రాంకులు కట్టి రచయితల పఠన సభలకు వచ్చారు. చివరికి 1941లో దుకాణం మూతపడింది అప్పుల వల్ల కాదు, జర్మన్ ఆక్రమణ వల్ల.

ఒక వీధి దుకాణం చేసిన సాహసం ఎంత దూరం వెళ్తుందో తెలుగు నవలే చెబుతుంది. మనసులోని ఆలోచనల ప్రవాహాన్నే కథనంగా మలచే చైతన్య స్రవంతి శిల్పంతో, ఉస్మానియా విద్యార్థి జీవితంలోని ఒక్క రోజును పట్టుకుని నవీన్ ‘అంపశయ్య’ రాశాడు. అది 1969లో పుస్తకంగా వచ్చింది. ఆ శిల్పం ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన విమర్శకులు ‘యులిసెస్’ పేరెత్తుతూనే ఉన్నారు. ఇవాళ ఆన్‌లైన్ సంస్థలు పాఠకుడి అభిరుచిని కొలిచి మరీ పుస్తకాలు సూచిస్తున్నాయి, ఇక చిన్న దుకాణమెందుకన్న ప్రశ్న వస్తోంది. ఆ సూచనలు ఇదివరకు అమ్ముడైన వాటి లెక్కల నుంచి పుడతాయి. ఇంకా అచ్చుకాని, దేన్నీ పోలని పుస్తకానికి అమ్మకాల చరిత్ర ఉండదు. దాని తరఫున పూచీపడటానికి పాఠకులను పేరుపేరునా ఎరిగిన మనిషి కావాలి, ఆ మాట నమ్మి ముందే డబ్బు కట్టే పాఠకులూ కావాలి. కాబట్టి స్వతంత్ర పుస్తక దుకాణాన్ని అది ఇచ్చే తగ్గింపుతోనో, పేర్చిన అరల సంఖ్యతోనో కొలవడం సరైన కొలత కాదు. లేని పుస్తకానికి అది ఎందరు పాఠకులను ముందుగా సంపాదించగలదన్నదే అసలు కొలత. ఆ లెక్కన చూస్తే, దుకాణాన్ని బతికించుకునే బాధ్యతలో సగం కౌంటరుకు ఇవతల నిలబడ్డవాళ్లదే.