పాటలు దాచిన గల్లగురిగి

మట్టిపాత్రల్లో నీళ్ళకుండకీ, కూరచట్టికీ ఉన్న మర్యాద పాపం గల్లగురిగికి లేదు. దానికి నోరే లేదు. నడినెత్తిన సన్నని చీలిక ఒక్కటే. కోస్తావాళ్ళు డిబ్బీ అంటారు గానీ నిజామాబాదు, బోధన్ పల్లెల్లో అది గల్లగురిగే. కూరల డబ్బుల్లో మిగిలిన పావలా అందులో పడిందా, ఇక బయటికి రావడానికి ఒకటే దారి: గురిగి పగలాలి.

ఇటలీవాళ్ళకీ ఈ పాత్ర ఉందండీ. 'సాల్వదనాయో' అంటారు. 1972లో రోము కుర్రాళ్ళు కొందరు తమ మొట్టమొదటి లాంగ్ ప్లే రికార్డుని సరిగ్గా ఈ మట్టిగురిగి ఆకారంలో కత్తిరించిన అట్టతొడుగులో పెట్టి అమ్మారు. చీలికలోంచి కాగితప్పట్టీ లాగితే వాయించేవాళ్ళ ఫోటోలు బయటికొచ్చేవి. డబ్బులకి బదులు మనుషులన్నమాట!

బృందం పేరు 'బాంకో దెల్ ముతువో సొకోర్సో'. నోరు తిరగడం కష్టమే గానీ అర్థం మనకి కొత్త కాదు: పరస్పర సహాయ బ్యాంకు. పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడి కార్మికులూ, చేతిపనివాళ్ళూ తలా కాస్త వేసుకుని, జబ్బుపడ్డవాళ్ళని ఆదుకునేందుకు పెట్టుకున్న సంఘాలకి ఇలాంటి పేర్లే ఉండేవి. పాటగాళ్ళు ఆ పేరు పెట్టుకున్నాక రికార్డుకి గురిగి తొడుగు కాక మరేం ఉంటుంది?

విత్తోరియో, జాన్నీ నొచెంజీ అన్నదమ్ములు. ఒకరిది ఆర్గన్, మరొకరిది పియానో. పాడినాయన ఫ్రాంచెస్కో ది జాకొమో. భారీ మనిషి, గుబురు గడ్డం, ఆపెరా గాయకుడిలాంటి గొంతు. రాక్ సంగీతాన్ని పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంతో కలిపే పద్ధతి అప్పటికే ఇంగ్లండులో మొదలయింది. దాన్నే ప్రోగ్రెసివ్ రాక్ అన్నారు. వీళ్ళు దాన్ని తమ భాషలోకి తెచ్చుకున్నారు. 'మాంత్రికుడి తోట' అనే పాట ఒక్కటే పద్దెనిమిది నిమిషాల పైన! మూడున్నర నిమిషాల సినిమా పాటకి అలవాటుపడ్డ చెవికి బారెడే. కచేరీలో రాగం, తానం, పల్లవి ఓపిగ్గా వినే మనవాళ్ళకి ఆ నిడివి ఓ లెక్కా?

ఇంకో పాట యుద్ధభూమిలో పడివున్న శవాల గురించి. మొదటిపాటలో ఆస్తోల్ఫో అనే వీరుడి ప్రస్తావన వస్తుంది. 1516లో వెలువడిన అరియోస్తో కావ్యంలో, మతి పోయిన ఓర్లాండో తెలివిని వెతుక్కుంటూ ఇతను చంద్రలోకానికి వెళతాడు. భూమ్మీద మనుషులు పోగొట్టుకున్న తెలివంతా అక్కడ బుడ్లలో భద్రంగా ఉంటుందిట! అదీ ఓ గల్లగురిగే కదూ?

దాచడం ఒక ఎత్తు. దాచింది ఎవరికి దక్కిందన్నది మరో ఎత్తు. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో వెలసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ కూడా ఒక పెద్ద గురిగే. నిజాంసాగర్ నీళ్ళు, రైతుల చెరుకు, కార్మికుల చెమట, అన్నీ అందులో పడ్డాయి. 2002లో అది ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్ళింది. 2015 డిసెంబరులో మూతపడింది. ఇంట్లో గురిగి పగిలితే చిల్లర ఏరుకునేది ఇంటివాళ్ళే. ఊరిగురిగి పగిలినప్పుడు, అది నింపినవాళ్ళ ఒళ్ళో ఏం పడింది? తలా కాస్త వేయడం ఒక్కటే పరస్పర సహాయం కాదు. అవసరం వచ్చిననాడు వేసినవాళ్ళ చేతికి అందాలి కూడా.

రోము కుర్రాళ్ళు ఆ ఏడాదే పరిణామవాదం మీద 'దార్విన్' అనే రెండో రికార్డు తెచ్చారు. ది జాకొమో 2014 ఫిబ్రవరిలో రోడ్డు ప్రమాదంలో పోయాడు. గురిగి ఆకారపు అసలు తొడుగుల కోసం రికార్డులు సేకరించేవాళ్ళు వెతుకుతూనే ఉన్నారు. అట్ట చిరగచ్చు, అంచులు నలగచ్చు. కానీ ఆయన గొంతు మాత్రం అందులో దాచినట్టే ఉంది. ఎన్నిసార్లు తీసుకున్నా ఆ గురిగి పగలగొట్టక్కర్లేదు.