రెండు గంటలకోసారి

మా అత్తయ్య తుంటి ఎముక విరిగి మంచాన పడ్డ పదో రోజున, ఒళ్ళు తుడుస్తుంటే నడుము కింద రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ కనబడింది. వేడి చేసిందనుకుని కొబ్బరినూనె రాసి బాగా రుద్దాను. నాలుగు రోజులకి అక్కడ చర్మం లేచిపోయింది. "ఇది రెండో దశమ్మా, ఎర్రబడ్డ చోట రుద్దకూడదు" అంది డ్రెస్సింగ్ చెయ్యడానికి వచ్చిన నర్సమ్మ. మంచాన పడ్డవాళ్ళకి పుళ్ళు మామూలేలే అని చుట్టాలు ఓదార్చారు. నిజంగా మామూలేనా అని చదవడం మొదలుపెట్టాను.

ఈ "మామూలే" అన్న మాట ఇవాళ్టిది కాదు. 19వ శతాబ్దంలో పారిస్‌లో షార్కో అనే పేరుమోసిన నరాల వైద్యుడు, మెదడు, వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళకి ఈ పుళ్ళు నరాల వల్లే పడతాయని, చావుకి ముందు గుర్తులని నమ్మాడు. ఆ కాలంలోనే, 1859 నాటి తన నర్సింగ్ పుస్తకంలో, పడకపుండుకి కారణం చాలావరకు జబ్బు కాదు, సేవలో లోపమే అంది ఫ్లోరెన్స్ నైటింగేల్. చదవగానే నన్నే అన్నట్టు గుండె కలుక్కుమంది. కానీ ఆవిడ అక్కడితో ఆగలేదు. తప్పు ప్రతిసారీ నర్సుది కాదని, ఏర్పాట్లు సరిగ్గా లేకపోతే సేవ చెయ్యడమే కుదరదని కూడా రాసింది.

ఆ ఏర్పాటు చేసి చూపించినవాడు గట్‌మన్. జర్మనీ నుంచి ఇంగ్లండుకి శరణు వచ్చిన యూదు డాక్టరు. 1944లో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వెన్నుపాము దెబ్బతిన్న సైనికుల వార్డు మొదలుపెట్టాడు. అంతకుముందు అలాంటివాళ్ళు ఎక్కువమంది పుళ్ళతో, మూత్రం ఇన్‌ఫెక్షన్లతో పోయేవారు. ఆయన పెట్టిన నియమం రాత్రీపగలూ రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం. 1948లో ఆ ఆసుపత్రిలోనే చక్రాల కుర్చీల్లో ఆటలపోటీలు పెట్టారు. ఇప్పటి పారాలింపిక్స్‌కి మొదలు అదే.

ఇక దశల సంగతి. 1975లో షియా అనే అమెరికన్ వైద్యుడు పుండు లోతుని బట్టి తరగతులు విడదీశాడు. తర్వాత నిపుణులు వాటిని సవరించి నాలుగు దశలు చేశారు. మొదటి దశలో చర్మం చెక్కుచెదరదు, కానీ ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడదు. మనలాంటి చామనఛాయ ఒంటి మీద ఎరుపు తెలియకపోవచ్చు. వేడిగానో, గట్టిగానో తగులుతుందేమో చూడాలి. రెండులో పైచర్మం లేస్తుంది, లేదా పొక్కుతుంది. మూడులో లోపలి కొవ్వు కనబడుతుంది. నాలుగులో కండ, ఎముక దాకా పోతుంది. నల్లటి పెచ్చు కప్పేస్తే లోతెంతో డాక్టరుకీ పైకి తెలియదు. నాలుగో దశ పుండు మానుతున్నా దాన్ని మూడో దశ అనరు. పోయిన కండ తిరిగి రాదు, మచ్చ కణజాలమే ఆ గుంట నింపుతుంది.

రెండు గంటలకోసారి అంటే రోజుకి పన్నెండుసార్లు. ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. ఆ మాటే ఇంట్లో చెప్పాను. పదకొండు, ఒంటిగంట మావారివి, మూడు మా అబ్బాయిది, అయిదు నాది. అలారం మోగితే ఎవరి వంతు వాళ్ళు లేస్తున్నారు. అత్తయ్య పుండు మానడానికి ఆరు వారాలు పట్టింది.

మీ ఇంట్లో ఎవరైనా మంచాన ఉంటే ఇవాళ ఒళ్ళు తుడిచేటప్పుడు నడుము కింద, తుంటి దగ్గర, మడమల దగ్గర ఒకసారి వేలితో నొక్కి చూడండి.