బండి కదలని దత్తపది

ఒకసారి మహానంది కోనేటి మెట్లమీద మా బడిపిల్లలకు దత్తపది ఇచ్చాను. పదాలు రెండే: కారు, లారీ. ఛందస్సు అడగలేదు. నిబంధన ఒక్కటే, బండి అర్థం రారాదు!

ఒక బాలిక వెంటనే "వారు పగవారు కారు" అన్నది. లారీ దగ్గర అందరూ ఆగిపోయారు. చివరకు, సంధి అడిగితే తల వంచుకొనే పిల్లవాడొకడు "మాటలారీతి జారరాదు" అన్నాడు. తాను చేసినది ఉకారసంధి అని వాడికి తెలియదు.

16వ శతాబ్దిలో పింగళి సూరన రాఘవపాండవీయాన్ని నిలిపినదీ ఇటువంటి విరుపే. ఒకే పద్యం రామకథగానూ భారతకథగానూ పలుకుతుంది. ఆయన కళాపూర్ణోదయాన్ని అంకితమందిన కృష్ణరాజు ఈ పక్కనున్న నంద్యాల ప్రభువే. 20వ శతాబ్దిలో ఆ విద్యను ప్రొద్దుటూరు కవులు దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకటశేషశాస్త్రి జంటగా అవధాన సభలలో ఆడి చూపారు. అక్కడ దత్తపదికి ఛందస్సు తప్పదు. పైగా పృచ్ఛకుడు కోరిన విషయమే చెప్పాలి.

నేనో, ఏళ్లతరబడి ముందు గణాలే వల్లె వేయించాను. ఆట మొదలుపెట్టేసరికి పదవీవిరమణ దగ్గరపడింది.

తిరుగు ప్రయాణంలో ఆ పిల్లవాడే అడిగాడు: "అయ్యవారూ, బస్సుకు మీరు చెప్పండి."

నేటికీ కుదరలేదు. మీలో ఎవరైనా పూరించగలరా?