మన ఊళ్ళ రాళ్ళు, చరిత్ర శాఖ బీరువాలు

పెనుకొండలో ఒక విరుపణ్ణ, లేపాక్షిలో ఒక విరుపణ్ణ. పేరు ఒకటే కావడంతో ఇద్దరినీ కలిపేయడం చాలా సులువు. కోట కట్టించినవాడే గుడి కూడా కట్టించాడని నమ్మేవారు మనలో లేకపోలేదు. పెనుకొండ కోట ఉత్తర ద్వారం దగ్గరి శాసనం శక సంవత్సరం 1276 నాటిది. 78 కలిపితే క్రీ.శ. 1354. అందులోని విరుపణ్ణ ఒడయరు బుక్కరాయల కుమారుడు. లేపాక్షి విరుపణ్ణ అచ్యుతదేవరాయల కాలంవాడు, అంటే 1530ల నాటివాడు. ఇద్దరి మధ్య సుమారు 180 ఏళ్ళ దూరం ఉంది. ఇలాంటి సంచికలో ఇద్దరినీ ఒకరిగా అచ్చువేస్తే, ఇరవై ఏళ్ళ తరువాత మన పిల్లలు దాన్నే ఆధారంగా చూపిస్తారు. అందుకే ఈ నాలుగు మాటలు.

రాళ్ళు మన ఊళ్ళలోనే ఉన్నాయి. వాటిని చదివి అచ్చువేసిన సంపుటాలు మాత్రం విశ్వవిద్యాలయాల్లో, ఎక్కువగా చరిత్ర శాఖలకు ఉండే చిన్న గ్రంథాలయాల్లో దొరుకుతాయి. మనకు దగ్గరిది అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం. అది 1968లో వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వారి పీజీ కేంద్రంగా మొదలై 1981లో విశ్వవిద్యాలయమైంది. హిందూపురం నుంచైనా ధర్మవరం నుంచైనా రైలెక్కితే ఉదయం వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. ఏ విశ్వవిద్యాలయంలోనైనా శాఖా గ్రంథాలయం ప్రధాన గ్రంథాలయం లాంటిది కాదు. సాధారణంగా ఒక గది, నాలుగైదు బీరువాలు, ఒక రిజిస్టరు. తాళంచెవి ఏ అధ్యాపకుడి దగ్గరో ఉంటుంది. ముందుగా ఉత్తరం రాసి, ప్రధానోపాధ్యాయుల సంతకంతో వెళితే పని తేలిక. పుస్తకం ఇంటికి ఇవ్వరు, అక్కడే కూర్చుని రాసుకోవాలి. అదీ మంచిదే. ఇంటికి తెచ్చుకున్న పుస్తకాన్ని మనం ఎప్పుడు చదివాం గనుక!

వెళ్ళగానే శాసన సంపుటాల మీద పడితే దారి తప్పుతాం. ముందు అడగవలసింది వి. రంగాచార్య 1919లో ప్రకటించిన మద్రాసు ప్రెసిడెన్సీ శాసనాల స్థలవారీ జాబితా. మూడు సంపుటాలు. అనంతపురం జిల్లా మొదటి దాంట్లో ఉంది. జిల్లా, తాలూకా, ఊరు అన్న వరుస కాబట్టి మండలాల పేర్లు మరిచిపోయి పాత తాలూకా పేరుతో వెతకాలి. లేపాక్షి కావాలంటే హిందూపురం తాలూకా చూడాలి. ప్రతి శాసనానికీ ఒక నంబరు, ఒక సంవత్సరం కనిపిస్తాయి. శాసన శాఖవారు ఆ ఏడాది ఎత్తిన నకళ్ళలో అది ఎన్నోదో ఆ నంబరు చెబుతుంది. అదే సంవత్సరపు వార్షిక నివేదిక తీస్తే రాజు, తేదీ, భాష, సారాంశం రెండు మూడు వాక్యాల్లో ఉంటాయి. పూర్తి పాఠం కోసం దక్షిణ భారత శాసన సంపుటాలకు వెళ్ళాలి. పదో సంపుటం (1948), విజయనగర రాజుల తెలుగు శాసనాలున్న పదహారో సంపుటం (1972) మనవాళ్ళకు తెలిసినవే. మన ప్రాంతానికి వాటికన్నా ముఖ్యమైనది తొమ్మిదో సంపుటం, 1939, 1941లలో రెండు భాగాలుగా వచ్చింది. అందులో ఉన్నవి కన్నడ శాసనాలు.

ఇక్కడే చాలామంది వెనక్కి వస్తారు. తెలుగు ఊళ్ళ చరిత్రకు కన్నడ బీరువా ఎందుకని వారి సందేహం. హేమావతి రాజధానిగా ఏలిన నొళంబుల నాటి నుంచి విజయనగరం వరకు ఈ సీమలో రాతి మీద ఎక్కువగా నడిచింది కన్నడమే. పక్కనున్న పావగడ, మధుగిరి, శిర శాసనాలు రైస్ దొర 1904లో అచ్చువేసిన తుమకూరు సంపుటంలో ఉన్నాయి. అప్పటి అధికారులకు మన నేటి సరిహద్దు తెలియదు కదా! మడకశిర వైపు నుంచి వచ్చి మన బడిలో చదివినవారిలో కన్నడం చదవగలిగినవారు ఎందరో ఉన్నారు. ఒకరిని వెంట తీసుకెళితే చాలు.

పేర్లతోనూ జాగ్రత్త అవసరం. పెనుకొండ శాసనాల్లో పెనుగొండ, సంస్కృతంలో ఘనగిరి. సూచికలో పెనుగొండ కనబడగానే సంతోషించకూడదు, గోదావరి జిల్లాలో వాసవీ కన్యకాపరమేశ్వరి పెనుగొండ మరొకటి ఉంది.

హిందూపురం కథ వేరు. ఊరి పేరు గుత్తి మురారిరావు ఘోర్పడే తండ్రి పేరు మీద వచ్చిందంటారు. మరాఠా చరిత్రల్లో చూస్తే హిందూరావు అన్నది ఆ ఘోర్పడే వంశపు బిరుదు. వ్యక్తి పేరా, బిరుదా అన్నది శాసన సంపుటాల్లో తేలదు, మరాఠా చరిత్ర ఉన్న అర దగ్గరికి వెళ్ళాలి. ధర్మవరం చెరువు తవ్వించిన క్రియాశక్తి ఒడయరు తన తల్లి ధర్మాంబ పేరు ఊరికి పెట్టాడన్న కథ కూడా అంతే. ఇలాంటి వాటికి చాలామంది 1905 నాటి ఫ్రాన్సిస్ గెజెటీరును చూపిస్తారు. మంచి పుస్తకమే, నాకు ఇష్టమైనదే. అయితే గెజెటీరు రాసినవారు ఊళ్ళో విన్న కథలనూ రాసుకున్నారు. రాయి చెప్పినదానికీ ఊరి పెద్ద చెప్పగా గెజెటీరులోకి ఎక్కినదానికీ ఒకే విలువ కట్టలేం. దేన్ని ఎక్కడ చూశామో పక్కనే రాసుకుంటే ఈ తేడా చెరిగిపోదు.

నకలు ఎత్తడమంటే తడి కాగితాన్ని రాతి మీద పరిచి, బ్రష్షుతో కొట్టి, పైన సిరా అద్దడం. అలా ఎత్తిన కాగితాలు 1966లో ఊటీ నుంచి మైసూరుకు మారిన కేంద్ర శాసన శాఖ కార్యాలయంలో భద్రపరుస్తున్నారు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు రాయి కదిలినా, గుడికి సున్నం వేసేటప్పుడు అక్షరాలు పూడుకుపోయినా, ఆ కాగితమే మిగులుతుంది. వార్షిక నివేదికలో శాసనం ఎక్కడుందో కూడా రాస్తారు, ఫలానా మండపం స్తంభం, ఫలానా చెరువు తూము, ఫలానా పొలంలోని రాయి అని. ఆ వాక్యాలను మన మూడు పాత తాలూకాల వరకు ఒక నోటుపుస్తకంలో ఎక్కించి, ఒక్కొక్క ఊరికి వెళ్ళి రాయి ఉందో లేదో టిక్కు పెట్టుకోవచ్చు. లేనివాటి నంబర్లు మైసూరుకు రాయాలి. మన సంఘంలో రిటైరైన సాంఘికశాస్త్ర ఉపాధ్యాయులు ఉన్నారు, మోటారుసైకిళ్ళున్న కుర్రవాళ్ళూ ఉన్నారు. సంక్రాంతి సెలవుల్లో లేపాక్షి నుంచి మొదలుపెట్టవచ్చు.